వెనక నుంచి ముట్టుకోకండి

పొద్దున వీధి మొదట్లో పెట్టిన బోర్డు మీద 'రేపటి నుంచి దారి మళ్లింపు' అని రాసి ఉంది. నేను దాన్ని నమ్మాను. సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే, నీళ్ల ట్యాంకరు ఒకటి మా వీధిలోకి తిరిగింది. దాని వెనక లారీ, లారీ వెనక కార్లు, కార్ల సందుల్లో బైకులు. పెద్ద రోడ్డు ఒకరోజు ముందే మూసేశారన్నమాట.

బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగాను. గుమ్మంలో అత్తయ్య చెప్పులు లేవు.

మా అత్తయ్యకి వినపడదు. ఒక పెద్ద జ్వరం వచ్చి, పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. చెవి మిషను కొనిస్తే, "చెవిలో కందిరీగని పెంచుకోమంటారా?" అని సొరుగులో పడేశారు. ఇంట్లో మేమే అలవాటు పడ్డాం. ఆవిడని వెనక నుంచి ఎవరమూ ముట్టుకోం. ముట్టుకుంటే ఉలిక్కిపడి పక్కకి గెంతుతారు. అది ఆవిడ చేతిలో ఉన్నది కాదు. ఎదురుగా వెళ్లి నిలబడతాం, కుదరకపోతే గదిలో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాం. లైటుకి మాత్రం బెదరరు. చేతిలో పని ఆపి, నిదానంగా తిరిగి, "ఏంటి?" అంటారు.

ఆమధ్య మందుల షాపు మెట్ల మీద ఎవరో మంచిమనిషి "జరగండి పెద్దమ్మా" అని భుజం తట్టాడు. అత్తయ్య మెట్ల మీంచి గెంతారు. మణికట్టు విరిగింది. కట్టు విప్పించుకొచ్చిన రోజు మా ఆయన, తల్లి ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే గేటుకి తాళం వేసేస్తానమ్మా."

"గొడ్డుక్కూడా పగలు కట్టు విప్పుతార్రా," అన్నారావిడ.

ఆవిడకున్న తిరుగుడల్లా ఒక్కటే. వీధి చివర ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య ఇల్లు. సాయంత్రాలు ఇద్దరూ పేకాడతారు. పందెం చొక్కా గుండీలు. తన గుండీలన్నీ ఒక రేకుడబ్బాలో వేసి పట్టుకెళ్తారు అత్తయ్య. నడుస్తుంటే ఆ డబ్బా గలగలమంటుంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు, మేమూ చెప్పలేదు.

గేటు దాటి చూశాను. వీధికి ఎడంపక్క మురుగుగొట్టాల కోసం తవ్విన గోతి, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుపచువ్వలు. కుడిపక్క వరసగా నిలిపిన కార్లు. మధ్యలో మిగిలిన దారిని ట్యాంకరు నిండా ఆక్రమించి పాకుతోంది. గోతి తవ్వినప్పుడు వీధిదీపాల తీగ తెగింది, మళ్లీ ఎవరూ అతకలేదు. ఆ పైన మబ్బు. సాయంత్రమే మసకచీకటి కమ్మింది.

ట్యాంకరుకి ముందు, నాలుగు అడుగుల దూరంలో, అత్తయ్య నడుస్తున్నారు. ఎప్పుడూ ఎడంపక్క గోడ వారనే నడిచే మనిషి. ఇప్పుడు గోడకి బదులు గోతి ఉంది కాబట్టి గోతి వారనే నడుస్తున్నారు. ట్యాంకరు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. వెనక లారీవాడు ఇంకా గట్టిగా అందుకున్నాడు. అత్తయ్య పెరట్లో పూలు కోసుకునే మనిషిలా తీరిగ్గా అడుగులు వేస్తున్నారు.

ట్యాంకరుకీ కార్లకీ మధ్య పక్కకి తిరిగి నడిస్తే మనిషి పట్టేంత సందుంది. దాంట్లో ఒరుసుకుంటూ ముందుకి వెళ్లాను. నేను డ్రైవరు తలుపు దాకా వచ్చేసరికి, ట్యాంకరు ఆగి, అటుపక్క నుంచి క్లీనరు కిందికి దూకి అత్తయ్య వైపు వెళ్తున్నాడు. కుడిచెయ్యి అప్పటికే ముందుకి చాచాడు.

పరిగెత్తి అతని చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగాను.

"ముట్టుకోకండి."

"ఏంటమ్మా ఇది? చొక్కా వదలండి. ఆ ముసలమ్మ జరగదు, మీరు జరగనివ్వరు."

"ఆవిడకి వినపడదు. వెనక నుంచి ముట్టుకుంటే పక్కకి గెంతుతారు. పక్కన ఏముందో చూడండి."

అతను చూశాడు. చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "మరి మీరు ముందుకెళ్లి ఆపండి."

"పక్కనుంచి దాటినా అంతే. కంటి కొసన ఏది కదిలినా అవతలికే గెంతుతారు."

అలా అంటుండగానే కుడిపక్క నిలిపిన కార్ల మధ్యలోంచి బైకు ఒకటి మా ముందుకి వచ్చి పడింది. హెల్మెట్ లోపలి మనిషి అత్తయ్య పక్కనున్న ఖాళీ చూసుకుని హ్యాండిల్ తిప్పాడు. క్లీనరు ఇక నన్నేమీ అడగలేదు. వెళ్లి బైకు ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి నిలబడ్డాడు.

"నీ అబ్బ సొమ్మా రోడ్డు?" అన్నాడు హెల్మెట్.

"మా అమ్మమ్మ సొమ్ము. అదిగో, ఆవిడే. ఆగు," అన్నాడు క్లీనరు.

నేను వెనక్కి వచ్చి ట్యాంకరు మెట్టు ఎక్కాను. డ్రైవరు పెద్దవాడు, మెడలో తువ్వాలు. చెయ్యి ఇంకా హారన్ మీదే ఉంది.

"అది ఆపి లైట్లు వెయ్యండి. ఆర్పండి, మళ్లీ వెయ్యండి. రెండుసార్లు."

"హారన్‌కి జరగని మనిషి లైటుకి జరుగుతుందా?"

"మా ఇంట్లో లైటే హారన్."

నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక కన్నే పనిచేస్తుందమ్మా దీనికి. రెండోది కాలిపోయింది."

"ఒకటి చాలు."

ఈలోగా అత్తయ్య నడక ఆగలేదు. ఆవిడ ముందు గోతిగట్టు మట్టి కొంత విరిగి లోపలికి జారి ఉంది. ఇంకొంచెం వెళ్తే అడుగు అక్కడే పడుతుంది.

లైటు వెలిగింది. అత్తయ్య నీడ సన్నగా పొడుగ్గా ఆవిడ ముందు పడింది. ఆరింది. ఆవిడ ఆగలేదు. వెలిగింది, ఆరింది.

"చూశావా," అన్నాడు డ్రైవరు.

"తొందర పడకండి. ఆర్పాక కాస్త ఆగి వెయ్యండి. మా ఇంట్లో అలాగే వేస్తాం."

ఆర్పాడు. వెలిగించాడు. ఆర్పాడు. వెలిగించాడు.

అత్తయ్య పాదం గాల్లోంచి వెనక్కి వచ్చి ఆగింది. డబ్బాని చంకలో పెట్టుకుని, గెంతకుండా, ఉలిక్కిపడకుండా, వంటింట్లో గరిటె పక్కన పెట్టి తిరిగినట్టే నిదానంగా తిరిగారు.

"ఏంటి?" అన్నారు.

అప్పటికి నేను మెట్టు దిగి ఆవిడకి ఎదురుగా ఉన్నాను. చెయ్యి పట్టుకుని గోతి నుంచి ఇవతలికి తెచ్చాను. అప్పుడు చూశారావిడ, నా భుజం మీదుగా: ట్యాంకరు ఒంటికన్నునీ, దాని వెనక మలుపు దాకా ఉన్న బళ్లనీ, తలుపులు తీసుకుని దిగి నిలబడ్డ మనుషుల్నీ, కదులుతున్న నోళ్లనీ.

"వీళ్లంతా నన్నేనా?"

లైటు నా పెదవుల మీద పడేలా పక్కకి తిరిగాను. అబద్ధం చెప్పలేదు. "మిమ్మల్నే."

"ఏమంటున్నారు?"

"తప్పుకోమంటున్నారు."

"ఇంత మర్యాదగానా?"

"ఇంత మర్యాదగా కాదు."

ఆవిడ తిరిగి విరిగిన గట్టు వైపు చూశారు. మొహంలో ఎన్నడూ చూడని ముసలితనం కనపడింది.

"వాడికి చెప్తావా?"

"జరిగింది జరిగినట్టు చెప్తాను అత్తయ్యా."

"తాళం వేస్తాడు."

"వెయ్యనివ్వను. కానీ ఇకనుంచి నేనూ వస్తాను."

"చెయ్యి పట్టుకుని నడిపిస్తావా, చంటిపిల్లని నడిపించినట్టు?" చెయ్యి లాక్కున్నారు. "వెనక వస్తే నువ్వు ఉన్నట్టు నాకెలా తెలుస్తుంది?" గడ్డంతో దారి చూపించారు. "ముందు నడువు. నువ్వు ఆగితే ఆగుతాను. ఊరికే వెనక్కి తిరిగి చూడకు, నువ్వే పడతావు."

క్లీనరు బైకుని కార్ల వైపుకి జరిపి మాకు దారి ఇచ్చాడు. నేను ముందు నడిచాను, గోతికి దూరంగా, దారి మధ్యన. తిరిగి చూడాలని మెడ లాగుతూనే ఉంది. తిరగలేదు. వెనక ట్యాంకరు మా నడకకి తగ్గట్టు పాకుతోంది, హారన్ లేకుండా, లైటు మాత్రం ఆర్పకుండా. ఆ వెలుగులో మా ఇద్దరి నీడలూ నా ముందు సాగాయి. దాని వెనక బళ్ల మోత యథాప్రకారం.

ఆ మోత మధ్యలోంచి, నా వీపు వెనక, డబ్బాలో గుండీలు గలగలమంటూ వస్తున్నాయి.