అంగుళంన్నర దూది

పద్నాలుగో ఏట నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక కొలతల టేపు, గట్టి జ్ఞాపకశక్తి, క్లాసులో గోడ పక్కన ఒక సీటు. మొదటి రెండూ నాన్న ఇచ్చినవి. మూడోది ఎవరూ కోరుకోలేదు కాబట్టి నాకు మిగిలింది.

నాన్న టైలరు. ముందు గదిలో కుట్టు మిషను, దాని వెనక అడ్డంగా ఒక తెర. ఆడవాళ్ళు వస్తే తెర వెనక కొలతలు నేనే తీసేదాన్ని. తీసిన కొలత పైకి అనకూడదు. కాగితం ముక్క మీద రాసి నాన్న చేతికివ్వాలి. ఆయన దాన్ని పుస్తకంలోకి ఎక్కించి ముక్క చించేసేవాడు. పుస్తకంలో పేర్లుండవు, రసీదు నంబర్లే. "బట్ట చెడగొడితే కొత్తది కొనిస్తాం. కొలత బయటికి పోతే ఏం కొనిస్తాం?" అనేవాడు. మా షాపుకి అంత గిరాకీ రావడానికి ఆయన కుట్టు ఎంత కారణమో ఆ తెరా అంతే. ఆ లెక్క నాకు అప్పటికే తెలుసు. తెలిసే చేశాను.

నాకు కావలసింది కిటికీ పక్క బెంచీ. అక్కడ ముగ్గురు కూర్చునేవాళ్ళు, ఒకరి జడ ఇంకొకరు అల్లుతూ, ఒకే డబ్బాలో తింటూ. వాళ్ళలో పెత్తనం డాక్టరుగారమ్మాయిది. నన్ను 'సూది' అనేవాళ్ళు. పిలిచారు కదా అని పలికేదాన్ని.

ఏడాది మధ్యలో మా క్లాసు పొడుగమ్మాయి వాళ్ళ పిన్నితో షాపుకి వచ్చింది. ఒక్కసారిగా పొడుగు సాగడంతో యూనిఫాం చొక్కా పొట్టైపోయింది. ఎప్పుడూ సంచీ ఎడమ భుజానికే తగిలించుకుని, జడ ముందుకు వేసుకునే పిల్ల. ఎందుకో తెర వెనక తెలిసింది. ఎడమ భుజం కుడిదానికంటే అంగుళంన్నర కిందికి ఉంది.

"లోపల కాస్త దూది పెట్టి సమానం చేయమను మీ నాన్నని. ఎదిగే పిల్ల, నలుగురిలో తిరగాలి," అంది పిన్ని.

ఆవిడ బయటికి వెళ్ళాక ఆ అమ్మాయి నెమ్మదిగా అంది. "నువ్వు కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఎవరికీ చెప్పవుగా?"

"మా షాపులో అలాంటివి ఉండవు," అన్నాను, పెద్ద వ్యాపారస్తురాలిలా.

మాట మూడు వారాలు నిలబెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం డాక్టరుగారమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది.

"ఏయ్ సూదీ, క్లాసులో సగం మంది కొలతలు నీ బుర్రలోనే ఉన్నాయటగా?"

"ఉంటే?"

"ఉంటే ఇలా వచ్చి కూర్చో. జరగండే, సూదికి చోటివ్వండి. గుచ్చుకోదులే."

జరిగారు. జానెడు చోటు దొరికింది. ఉత్త చేతులతో వెళితే అది నిలవదని తోచింది. నా దగ్గరున్న సరుకులో అన్నిటికంటే గిరాకీ ఉన్నది బయటికి తీశాను.

"పొడుగమ్మాయిది దొంగ భుజం. లోపల దూది."

ఎవరూ బలవంతపెట్టలేదు, బేరమాడలేదు. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను.

మర్నాడు ఉదయం అందరం వరసలో నిలబడినప్పుడు డాక్టరుగారమ్మాయి వెనకనుంచి ఆ భుజం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉందే. పడుకునేటప్పుడు తల కింద పెట్టుకుంటావా?"

వరస వరసంతా నవ్వింది. ముందు నవ్వింది నేను. పొడుగమ్మాయి తన భుజం నొక్కినదాని వైపు చూడలేదు. తిన్నగా నా వైపు చూసింది.

ఆ సాయంత్రం చొక్కా పట్టుకుని ఒక్కతే షాపుకి వచ్చింది.

"కుట్టు ఊడిందా అమ్మా?" అన్నాడు నాన్న.

"లేదండి. లోపలి దూది తీసేయండి."

"పిన్నిగారు చెప్పారా?"

"నేనే చెప్తున్నా. అందరికీ తెలిసిపోయాక ఇంక దాచి ఏం లాభం?"

నాన్న మిషను ఆపాడు. వాళ్ళింట్లోవాళ్ళు కాక ఆ సంగతి తెలిసింది ఆయనకీ నాకూ. ఆయనకు లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. తిట్టలేదు. చిన్న కత్తెర నా ముందుకు జరిపాడు.

"నువ్వే విప్పు."

నాన్న చేతి కుట్టు సన్నం, దగ్గర దగ్గర. ఒక్కో పోగూ తెంపుతుంటే ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి చూస్తూనే ఉంది. దూది ముద్ద బల్ల మీద పడింది. ఆమె తెర వెనక్కి వెళ్ళి చొక్కా తొడుక్కుని, జడ వెనక్కి వేసుకుని బయటికి వచ్చింది.

"ఎంతివ్వాలండి?"

"ఏమీ వద్దమ్మా. తప్పు మా షాపుది."

'మా అమ్మాయిది' అని అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

కిటికీ పక్క చోటు పదకొండో రోజున పోయింది. "ఇంకెవరిదైనా చెప్పవే," అన్నారు. ఇంకేం లేవన్నాను. బోలెడు ఉన్నాయి, నోరు రాలేదు. మర్నాటికి ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు.

అప్పుడు పంపు దగ్గర పొడుగమ్మాయిని పట్టుకున్నాను. "తప్పయిపోయింది," అన్నాను.

"అక్కడ చోటు దొరికిందిగా?"

"దొరికింది. పోయింది కూడా."

"అందుకని ఇప్పుడు నా దగ్గరికొచ్చావా?" సీసా నింపుకుని, మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో నాన్న నన్ను మళ్ళీ తెర వెనక్కి పంపలేదు. ఎవరొచ్చినా, "పాత బట్ట ఒకటి ఆదికి తెచ్చుకోండమ్మా, దాన్ని చూసి కుడతాను," అనేవాడు. ఏళ్ళ తరబడి మా దగ్గరే కుట్టించుకున్న ఒకావిడ ఊరుకోలేదు.

"ఏమయ్యా, మీ అమ్మాయి మమ్మల్ని ముట్టుకోనంటోందా?"

"పరీక్షలమ్మా."

"రెండు నెలల్నుంచీ పరీక్షలేనా? ఆ పేపర్లు దిద్దేవాళ్ళు బతికున్నారా పాపం?"

నవ్వుతూనే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. అబద్ధమాడటం చేతకాని మనిషి నా కోసం నేర్చుకున్నాడు. నేను పక్క గదిలో కాజాలు కుడుతూ అన్నీ వింటూ ఉండేదాన్ని.

ఇప్పుడు నాకు ఎనిమిది మిషన్ల షాపు ఉంది. నా నోటి నుంచి మాట బయటికి పోదని ఆడవాళ్ళు దూరం నుంచి వస్తారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా మొహం తిప్పుకుని ఏదో ఒకటి సర్దుతాను. పొడుగమ్మాయి రెండు వీధుల అవతలే ఉంటుంది, బట్టలు ఇంకెక్కడో కుట్టించుకుంటుంది. ఆ రోజు తర్వాత ఆమె దేనిలోనూ దూది పెట్టించుకోలేదని వీధిలో ఎదురైనప్పుడల్లా ఆ భుజం చూస్తే తెలుస్తుంది. పోనీ నా వల్ల ఆమెకు మేలే జరిగింది కదా అని ఒకటి రెండు సార్లు అనుకోబోయాను. ఆ ధైర్యం ఆమె సొంతం. నా వైపు వేసుకుంటే తప్పుడు లెక్క అవుతుంది.

నా వైపు తేలింది కిటికీ పక్కన పదకొండు రోజులు, అందరికంటే ముందు నవ్విన ఒక నవ్వు.