అటకెక్కిన లైసెన్సు

పనులు అటకెక్కాయంటే మూలపడ్డాయని అర్థం. మేస్త్రి విషయంలో మాత్రం ముందు ఆయనే అటకెక్కాడు, ఆ వెనకాలే లైసెన్సు ఎక్కింది.

ఆ అటక ఆయన చెల్లెలికి కడుతున్న కొత్తింట్లోది. వంటింటి కప్పు కాస్త కిందికి వేసి, దాని పైన పాత సామాన్లూ చిరిగిన పరుపులూ పడేసుకోవడానికి వదిలిన చోటు. ఇల్లు రెండంతస్తులు. మేస్త్రికున్న లైసెన్సు కూడా రెండంతస్తుల వరకే. మూడోది కట్టాలంటే పై తరగతి లైసెన్సు కావాలి, దానికి ఇంజనీరు చదువుండాలి. ఆయన ఏనాడూ ఆ జోలికి పోలేదు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు వంటింట్లో నిలబడి తలెత్తి చూశాడు. "పైన ఏంటది?"

"అటక సార్. ఏనుగునెక్కించినా చెక్కు చెదరదు, చూడండి" అంటూ మేస్త్రి నిచ్చెనెక్కేశాడు.

ఎక్కినవాడు బుద్ధిగా కూర్చుంటే ఏ గొడవా ఉండేది కాదు. మనిషి పొట్టి. ఎదురుగా అందరూ మేస్త్రిగారూ అంటారు, వెనకాల పొట్టి మేస్త్రి అంటారు, ఆ సంగతి ఆయనకి తెలుసు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గానీ ఆ పూట ఒక్క గింజ కూడా పనికి రాలేదు. కప్పు నెత్తికి అంత దగ్గరగా రావడం ఆయన జన్మలో అదే మొదటిసారి. ఆ సంబరంలో ఛాతీ విరుచుకుని నిటారుగా నిలబడి, రెండు కాళ్లతో దబదబా తొక్కి చూపించాడు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు: మనిషి నిటారుగా నిలబడగలిగాడు.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది. మనిషి నిటారుగా నిలబడగలిగిన ప్రతి చోటూ ఒక అంతస్తేనట, నిబంధన. కింద ఒకటి, అటక ఒకటి, పైన ఒకటి, వెరసి మూడు. లైసెన్సు ఆపేశారు, పని ఆపేశారు. మూడంతస్తులు కట్టలేదని రుజువు చేసుకోకపోతే లైసెన్సు శాశ్వతంగా రద్దన్నారు. పై శ్లాబుకి సెంట్రింగ్ కొట్టి, ఊచలు కట్టి, మర్నాడు కాంక్రీటు పోయాల్సిన ఇల్లు అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. వానొస్తే ఊచలు తుప్పు పడతాయి, చెక్కలు ఉబ్బుతాయి. మబ్బులు రోజూ వచ్చి చూసి పోతున్నాయి. చెల్లెలేమో అద్దె గది ఖాళీ చేస్తానని యజమానికి మాటిచ్చేసి, గిన్నెలు మూట కట్టుకుని కూర్చుంది.

ఆఫీసు చుట్టూ తిరిగి మేస్త్రి చెప్పులరిగాయి. అన్నతో పాటు చెల్లెలూ తిరిగింది.

"సార్, మీరే ఒకసారి అటకెక్కి చూడండి. నడ్డి వంచకుండా నిలబడితే నా చెవి కోసిస్తా" అన్నాడు మేస్త్రి.

"పని ఆపిన కట్టడం ఎవరూ ఎక్కకూడదు."

"ఆపింది మీరే కదా!"

"అందుకే నేను అసలు ఎక్కకూడదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, చాలా ఓపిగ్గా. ఆ ఓపిక చూస్తేనే మేస్త్రికి ఒళ్లు మండుతుంది.

"పోనీ, చెల్లెలి మొగుడు మా బావ చెప్పింది రాసుకోండి. తాటిచెట్టంత మనిషి. అటకెక్కిన రోజునే బుర్ర బొప్పి కట్టింది. ఆ బొప్పి ఇంకా తగ్గలేదు."

"ఇంటి యజమాని సాక్ష్యం చెల్లదు. అక్కడ మనిషి నిలబడ్డాడా లేదా, అంతే. మీరు నిలబడ్డారు. మీరు మనిషే కదా?"

మేస్త్రికి కాదనడానికి లేదు, అవునంటే లైసెన్సు పోతుంది. ఇన్నేళ్లు గోడలు కట్టి, చివరికి మనిషిగా పుట్టినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చినంత పనైంది.

చెల్లెలు ముందుకొచ్చింది. "సార్, మనిషంటే ఎంత ఎత్తు మనిషండీ?"

ఇన్‌స్పెక్టరు పుస్తకం తిరగేశాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా ఎప్పుడూ చూడలేదు. "ఆఁ, ఉంది. ఐదడుగులు నిండిన మనిషి. నిండకపోతే లెక్కలోకి రాడు."

ఇద్దరూ మేస్త్రి వైపు తిరిగారు.

"నేను ఐదడుగుల పైనే" అన్నాడు మేస్త్రి, అలవాటు కొద్దీ.

"అన్నయ్యా!"

పెళ్లిచూపుల్లో అదే చెప్పాడు. ఇప్పటికీ పెళ్లాంతో అదే వాదన. దళసరి అట్ట వేయించిన చెప్పులు ఆ మాటకి వత్తాసు. ఇప్పుడు ఉన్నట్టుండి నిజం చెప్పమంటే నాలుక తిరగదు.

గోడకి ఎత్తు కొలిచే కొయ్య, దాని మీద పైకీ కిందికీ జరిగే అడ్డపట్టీ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు చెప్పులు విప్పమన్నాడు. మేస్త్రి విప్పి, వీపు గోడకి ఆనించి నిలబడ్డాడు. బయట ఉరిమింది. చెల్లెలు కిటికీ వైపు చూసి, ఆ వెంటనే అన్న కాళ్ల వైపు చూసింది. చిన్నప్పుడు బడిలో కొలిచినప్పుడు ఎలా నిలబడేవాడో, సరిగ్గా అలాగే ఉన్నాడు.

"సరిగ్గా ఐదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కలం తీస్తూ.

"అన్నయ్యా, మడమలు" అంది చెల్లెలు. ఆ గొంతులో వెక్కిరింత లేదు, బతిమాలుకోవడమే ఉంది.

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. తను లేపినట్టు తనకే తెలియదు. మెల్లగా రెండు మడమలూ నేలకి ఆనించాడు. అడ్డపట్టీకీ తలకీ మధ్య సందు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని మళ్లీ కిందికి దించాడు.

"నిండలేదు" అన్నాడు.

"నిండలేదు సార్" అన్నాడు మేస్త్రి, "ఎప్పుడూ నిండలేదు. త్వరగా రాయండి, వానొస్తోంది."