మోగని రెక్క

ఠంగ్...

మంచి ఇనుము అలా మోగుతుంది. మోగి ఊరుకోదు. గడప దాటాక కూడా వెనక్కి తిరిగి తిరిగి చూసే చుట్టంలా, గాలిలో కాసేపు తచ్చాడుతుంది.

పగిలిన ఇనుము అలా కాదు. టప్ — అంటుంది. అంతే.

ఈ సంగతి నాకు నేర్పింది మా ఆయనే. అందరూ ఆయన్ని చెవిమేస్త్రి అంటారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవారు. లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేసేవారు. పెరటి రేకు మీద మొదటి చినుకు పడితే, నాకంటే ముందు ఆయనకే వినపడేది. "బట్టలు తియ్యవే!" అని ఒకటే అరుపు.

ఈ మధ్య బట్టలు తడిసిపోతున్నాయి.

పిలుస్తాను — పలకరు. నవ్వొచ్చే మాట చెప్తాను — పక్కవాళ్ళు నవ్వాక నవ్వుతారు. ఏమైందని అడిగితే ఇంతెత్తున లేస్తారు. అందుకే అడగడం మానేశాను.

ఇంట్లో ఒక పాత కారుంది. ఆయన పుట్టకముందే పుట్టింది. నాకు సవతి. దానికి చేసిన సేవలో సగం నాకు చేసుంటే... పోనీలే.

మొన్న దాని రేడియేటర్ ఫ్యాను రెక్క ఒకటి విరిగింది. ఇంజిన్ తిరుగుతుండగానే విరిగి, పైకెత్తిన బానెట్‌ని చీల్చుకుని పోయింది. క్షణం ముందు దాకా ఆయన తల అక్కడే ఉంది. స్పానర్ కోసం పక్కకి తిరిగారు కాబట్టి నాకు మిగిలారు.

ఆ చీలిక ఎన్నాళ్ళ నుంచో ఉండే ఉంటుంది. టకటకమని చెబుతూనే ఉండి ఉంటుంది.

ఎవరు విన్నారు?

ఇవాళ పాత సామాన్ల కొట్లో నిలబడ్డాం. బయట వాన. కొట్టతను ఈ కాలం కార్లకి పెట్టే కరెంటు ఫ్యాను చూపించాడు. ఆయన దానివైపు కన్నెత్తి చూస్తేనా! అదే వెడల్పు, అదే వంపు, అలాంటి ఇనప ఫ్యానే కావాలి. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది. రెండోది తుప్పుపట్టి దిక్కుమాలినట్టుంది.

నల్లదాన్ని తీగకి వేలాడదీశారు. రెక్క మీద స్పానర్‌తో కొట్టారు.

టప్.

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. "విన్నావా? గంటలా లేదూ!"

కొట్టతను నావైపు చూశాడు. నోరు తెరవబోయాడు. కళ్ళతోనే ఆపేశాను.

నిజం చెప్తే చెవిమేస్త్రి అన్న పేరు ఈ కొట్లోనే పోతుంది. చెప్పకపోతే... రేపు ఆ రెక్కల ముందు వంగేది ఆయన ముఖమే.

ఎదురుగా వెళ్ళి నిలబడి, గట్టిగా అన్నాను. "నాకు నచ్చలేదు. రంగు బాలేదు. రెండోది తీసుకోండి."

"ఫ్యానుకి రంగేంటే? చీర కొంటున్నావా?"

"చీరే అనుకోండి. ఎప్పుడైనా నాకు నచ్చింది కొన్నారా? ఇదొక్కటి కొనండి."

గొణుక్కుంటూ తుప్పుదాన్ని తగిలించారు. స్పానర్ ఎత్తారు.

ఠంగ్...

కొట్టంతా మోగింది. నా గుండె కుదుటపడింది.

కానీ ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. ఫ్యానుని చూడలేదు.

నా ముఖం చూస్తున్నారు.

ఎంతసేపు చూశారో! తర్వాత దగ్గరికి వంగి, కొట్టతనికి వినపడకుండా అడిగారు.

"ఇంకా మోగుతోందా?"

అప్పటికే ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా తల ఊపాను.

అది ఎప్పుడు ఆగుతుందో నేనే చెప్పాలని... స్పానర్ పట్టుకుని, ఆయన అలాగే నిలబడి ఉన్నారు.