మేబెల్‌ను అడిగారా?

విక్టోరియా రాణి కాలంలో పిల్లల కథలు రాసిన హెర్బర్ట్ విన్‌స్లో మీద వ్యాసం ఆ సాయంత్రానికల్లా అమెరికాలోని రెడ్‌మండ్ తెలుగు సంఘం పత్రికకు అందాలి. పాపయ్యగారికి చివరి పేరా తెమలడం లేదు. రిటైరైన ఫిజిక్సు లెక్చరరు ఆయన. రుజువు లేని మాటను గడప దాటనివ్వరు.

విన్‌స్లో తన కూతురు మేబెల్‌నే, పేరైనా మార్చకుండా, కథానాయికను చేశాడు. పెద్దయ్యాక ఆమె ఆ పుస్తకాలను ఇంట్లోకి రానివ్వలేదు. కూతురి బాల్యాన్ని అమ్ముకున్నాడని కొందరు, ముద్దుకొద్దీ రాశాడని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. చదివి చదివి విసిగిపోయిన పాపయ్యగారు, "ఆమెకు హాని జరిగిందనడానికి ఆధారం లేదు" అని ముగించి, మనవరాలికి చదివి వినిపించారు.

పదమూడేళ్ల కృతి సోఫాలోంచి కదలలేదు.

"తాతా, మేబెల్‌ని ఎవరైనా అడిగారా?"

"ఏమని?"

"నీ నేమ్ పెట్టొచ్చా అని."

"అప్పటికి దానికి ఐదేళ్లు తల్లీ."

"నువ్వు నా నేమ్ పెట్టినప్పుడు నాకు కూడా ఫైవే కదా."

పాపయ్యగారు కళ్లజోడు తీశారు. అదే పత్రికలో ఆయన ఏళ్ల తరబడి రాస్తున్న సైన్సు కథల్లో ప్రశ్నలడిగే పిల్ల పేరు 'ఎందుకు కృతి'. ఆ కథలు పుస్తకంగా అచ్చుకు వెళ్తున్నాయి. అట్ట మీద బొమ్మ కూడా దానిదే.

"ఇష్టం లేదని ఎప్పుడూ చెప్పలేదేమే?"

"సంఘం వాళ్ల పాట్‌లక్ భోజనాలకి వెళ్తే ప్రతి అంకుల్ 'స్కై బ్లూ ఎందుకు, చెప్పు' అంటాడు. నేను ఖాళీ ప్లేట్ పట్టుకుని నిలబడాలి. నువ్వేమో నవ్వుతావు. నీకు ఎవిడెన్స్ కావాలి కదా తాతా, అదే."

పాపయ్యగారు వెంటనే పుస్తకం పని చూస్తున్న సాయి తేజకు ఫోన్ చేశారు.

"అచ్చు ఆపు నాయనా. పిల్ల పేరు, బొమ్మ మార్చాలి."

"అయ్యో మాస్టారూ! 'ఎందుకు కృతి' అంటే బ్రాండండీ. పోస్టర్ కూడా షేర్ చేసేశాం."

"బ్రాండు కాదయ్యా, మా మనవరాలు. ఆపు."

వ్యాసంలో ఆ చివరి వాక్యం కొట్టేసి, "ఆమెను అడిగినట్టు ఎక్కడా ఆధారం లేదు" అని రాసి పంపేశారు.

సాయంత్రం పాట్‌లక్‌లో గొడుగులు మూయకముందే సంఘంలోని రాజ్‌గారు ఎదురొచ్చారు. "అదిగో, ఎందుకు కృతి! వాన ఎందుకు పడుతుందో చెప్పమ్మా!"

ఒక పేరును ఊరు నోట్లోంచి వెనక్కి తీసుకోవడం అయ్యే పని కాదని పాపయ్యగారికి అప్పుడు తెలిసింది.

"దాని పేరు ఉత్త కృతి, రాజ్‌గారూ. వాన సంగతి నన్నడగండి," అంటూ నీరసంగానే అడ్డం నిలబడి, నీటి ఆవిరి దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

ఆయన వెనక కృతి పులిహోర వడ్డించుకుంటోంది.