మూర్ఛపోయిన మందార

నేను ఒక అట్టను. పుస్తకాన్ని కాదు, పుస్తకం మీది అట్టను మాత్రమే. ఈ తేడా ముందే చెప్పెయ్యడం మంచిది, నా గొడవంతా దాని గురించే. కొట్లో అందరూ ముందు నన్నే చూస్తారు, నన్నే నిమురుతారు, చినుకు పడితే నన్నే నెత్తిన పెట్టుకుంటారు. ఇంత సేవ చేయించుకుని ఇంటికెళ్లాక "పుస్తకం బాగుంది" అంటారు. నా పేరెత్తిన పాపాన ఒక్కరూ పోరు.

ఇంకో సంగతి. మా అట్టల ముఖం ఎప్పుడూ బయటికే ఉంటుంది. లోపలి కాగితాలకు మేము వీపు పెట్టి కూర్చుంటాం. వీపుతో చదవడం ఏ అట్టకూ చేతకాదు. కాబట్టి నేను మోస్తున్న నవలలో ఏముందో నాకు చాలాకాలం తెలియదు. నా మీద ఏ బొమ్మ ఉందో లోపలా అదే కథ ఉండి ఉంటుందని అనుకున్నాను. మీరైనా అలాగే అనుకునేవారు, నవ్వకండి.

నవల పేరు 'పొగకోట'. రాసినావిడ హైమవతి గారు, కాకినాడలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు చదువుకోవడానికి రాక్షసులూ కత్తులూ ఉన్న కథ రాశారు. విజయవాడలో దాన్ని అచ్చువేసిన పబ్లిషరు శివకోటయ్య గారు మొదటి పేజీ చదివారు, చివరి పేజీ చూశారు, మధ్యలోది చేత్తో బరువు చూశారు. తర్వాత ఆర్టిస్టు నూకరాజుకు ఫోను చేశారు. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ ఫోనులో ఏం మాట్లాడుకున్నారో చాలాకాలం తర్వాత హైమవతి గారే ఒక సభలో చెబితే విన్నాను.

"ఒక రాక్షసుడు, ఒక రాజకుమారుడు, ఒక అమ్మాయి, ఒక కత్తి. బొమ్మ వేసెయ్," అన్నారట శివకోటయ్య గారు.

"కత్తి ఎవరి చేతిలో పెట్టమంటారండీ?" అని నూకరాజు అడిగాడట. పనిలో నిక్కచ్చి మనిషి.

"అమ్మాయి చేతిలోనే ఉంటుందని రాసినావిడ చెప్పింది. అలా వేస్తే మగపిల్లలు కొనరు. ఆ అబ్బాయేమో కథంతా గరిటె పట్టుకుంటాడంట. అలా వేస్తే అసలెవరూ కొనరు. నీకు అలవాటైనట్టు వెయ్యవయ్యా."

నూకరాజు తనకు అలవాటైనట్టే వేశాడు. మంచుకొండ మీద చొక్కా లేని రాజకుమారుడు. పొట్ట మీద ఇడ్లీ రేకులా వరసగా గుంటలూ మిట్టలూ. కుడిచేత్తో ఆకాశంలోకి లేపిన కత్తి. ఎడమచేతి మీద మూర్ఛపోయిన మందార. ఆ అమ్మాయి ముఖం మనవైపు, పాదాలు కొండవైపు, నడుము మధ్యలో ఎటు తిరగాలో తెలియక ఆగిపోయింది. ఆమె జుట్టును గాలి తూర్పుకు ఎగరేస్తుంటే అతని జుట్టును పడమటికి ఎగరేస్తోంది. వీటన్నిటి మీదా గులాబీ రంగులో, బంగారు అంచుతో నవల పేరు. వెనకవైపు శివకోటయ్య గారి సొంత వాక్యం: 'అందాల మందారను రాక్షసుడి చెర నుంచి విడిపించిన వీరుడి గాథ!'

నిజం చెప్పాలంటే నాకు నేను తెగ నచ్చాను.

అచ్చయిన కాపీలు కాకినాడ చేరగానే హైమవతి గారు నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఈ పిల్లకేమైంది?" అన్నారు. ఆరోగ్యం అడుగుతున్నారనుకున్నాను. తర్వాత నన్ను బోర్లా పెట్టి నా వీరగాథ మీద కాఫీ గ్లాసు పెట్టారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాలుగు రోజులు పోయాక ఆవిడ నన్ను, అంటే నన్నూ నేను మోస్తున్న పుస్తకాన్నీ, పెద్దాపురంలో ఒక హైస్కూలుకు ఇచ్చేశారు.

ఆ స్కూల్లో లైబ్రరీ అంటే ఒక బీరువా. దాని తాళంచెవి తెలుగు మాస్టారు సోమేశ్వరం గారి జంధ్యానికి ఉండేది. పుస్తకాలు పిల్లల చేతిలో పడి పాడవకుండా ఆయన బహు జాగ్రత్తగా చూసుకునేవారు. శనివారం మాత్రం తలుపు తీసేవారు. మగపిల్లలు గులాబీ రంగు చూసి "ఆడపిల్లల పుస్తకం రా" అని పెట్టేసేవారు. ఆడపిల్లలు చొక్కా లేని వీరుణ్ణి చూసి "ఇంటికి తీసుకెళితే మా అమ్మ తంతాది" అని పెట్టేసేవారు. ఇద్దరికీ నచ్చేట్టు తయారుచేసిన నన్ను ఇద్దరూ ముట్టుకోలేదు. చాలా అవమానంగా ఉండేది.

చివరికి తొమ్మిదో తరగతి సత్యవేణి తీసుకెళ్లింది. గట్టి పిల్ల, స్కూలు కబడ్డీ జట్టులో ఆడుతుంది. ఆమె నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని పైకి చదివేది. నేను చేసిన తెలివైన పని ఒకటే, బోర్లా పడుకుని విన్నాను. మూడో అధ్యాయంలో మందార ఒక ఎలుగుబంటిని చెవి పట్టుకుని ఇంట్లోంచి బయటికి నడిపించింది. సరే, తర్వాత మూర్ఛపోతుందిలే అనుకున్నాను. పదో అధ్యాయంలో వంతెన విరిగితే రాజకుమారుణ్ణి వీపున వేసుకుని వాగు దాటింది. అలసిపోయింది కదా, ఇప్పుడైనా పడుతుందనుకున్నాను. పుస్తకం మొత్తంలో స్పృహ తప్పింది ఒక్కరే, బల్లిని చూసి రాజకుమారుడు. అతను మంచివాడే, పులుసు అద్భుతంగా కాస్తాడు. పొగరాక్షసుడు ఆ పులుసు వాసనకే కోట దిగి వస్తాడు. వచ్చినవాణ్ణి మందార నరుకుతుంది.

నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను చేతిలోకి తీసుకుంది. "ఇక్కడ పడిపోయిందెవరే?"

"మందారే నాయనమ్మా."

"ఎప్పుడు పడిపోయింది? నేను వినలేదే."

"పడిపోలేదు. అట్ట మీదే పడిపోయింది."

"బొమ్మేసినోడు తిండి పెట్టలేదేమో పాపం," అంది నాయనమ్మ, మళ్లీ గింజలు తీస్తూ.

నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి శనివారమే ఇంకో అవమానం. తొమ్మిది 'బి' వీరబాబు, ఆరడుగులకు దగ్గరపడ్డవాడు, వాళ్ల నాన్నది టిఫిను హోటలు, ఎవరూ చూడకుండా నన్ను సంచిలో వేసుకెళ్లాడు. ఇంటికెళ్లగానే నా మీద ఖాకీ కాగితం అట్ట వేసి, లేబులు అంటించి, 'భౌతికశాస్త్రం' అని రాశాడు. అట్టకే అట్ట. చీకట్లో ఊపిరాడక వారమంతా అల్లం చట్నీ వాసన పీలుస్తూ గడిపాను. పైన మాత్రం ఆ కుర్రాడు ఒకటే నవ్వు. భౌతికశాస్త్రం చదువుతూ ఇంత నవ్వే కొడుకును చూసి వాళ్ల నాన్న చాలా సంతోషించాడు. తిరిగి ఇచ్చేముందు వీరబాబు ఖాకీ కాగితం విప్పేశాడు.

ఇంతలో స్కూలు వార్షికోత్సవం వచ్చింది. హైమవతి గారు ముఖ్య అతిథి. ఆవిడ నవలనే నాటకంగా వేసి ఆవిణ్ణి ఆశ్చర్యపరుద్దామని సోమేశ్వరం మాస్టారు సంకల్పించారు. బీరువా తీసి, నన్ను ముందూ వెనకా శ్రద్ధగా చదివి, సాయంత్రానికి నాటకం రాసేశారు. పొడుగ్గా ఉన్నాడని వీరబాబు వీరుడు. జడ పొడుగ్గా ఉందని సత్యవేణి మందార. ఆమెకు మాటలు రెండు: 'రక్షించండి', 'ప్రాణనాథా'. మిగతా సేపంతా స్పృహ ఉండదు.

సత్యవేణి స్టాఫ్ రూముకు వెళ్లింది. మాస్టారి చేతిలో నేనున్నాను కాబట్టి అంతా విన్నాను.

"మాస్టారండీ, కథలో మందార పడిపోదండీ. కత్తి ఆవిడదేనండీ."

"మరి ఇదేంటి?" అని ఆయన నన్ను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు. "అచ్చేసినాళ్లకి తెలీదంటావా?"

"లోపల ఉన్నదీ అచ్చేనండీ."

"లోపలిదైతే కూర్చుని చదవాలమ్మా. ఇది చూస్తే సరిపోతుంది."

సత్యవేణి వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆరో తరగతి నుంచీ నేనే భరతమాతనండీ. జెండా పట్టుకుని కదలకుండా నించోవడమే. ముక్కు దురద పెట్టినా కదలకూడదంటారు. నాయనమ్మ ఏటా వచ్చి, నువ్వెప్పుడు ఆడతావే అని అడుగుతాదండీ. ఈసారైనా కదిలే వేషం ఇవ్వండి మాస్టారూ."

"ఇందులో పడిపోతావు కదమ్మా. అదీ కదలడమే," అన్నారు మాస్టారు, సమస్య తీరిపోయిన వాడిలా.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీది మందార మాత్రం ఎప్పట్లాగే హాయిగా కళ్లు మూసుకుని పడుకుంది. మొదటిసారి నా బొమ్మ మీద నాకే విసుగు పుట్టింది.

రిహార్సళ్లు మొదలయ్యాయి. మాస్టారు నన్ను ఎత్తి పట్టుకుని "అట్టలో ఎలా ఉందో అలా" అని అరిచేవారు. అట్టలో ఉన్నట్టు నిలబడటం మనుషుల వల్ల అయ్యే పని కాదని నాకు అప్పుడు తెలిసింది. వీరబాబు ఎడమచేతి మీద సత్యవేణిని వాల్చుకుని కుడిచేత్తో కత్తి ఎత్తితే ముందుకు పడేవాడు. కత్తి దించితే వెనక్కి పడేవాడు. మందార పాదాలు కొండవైపు తిరిగి ముఖం జనంవైపు ఉండాలని మాస్టారు పట్టుబడితే సత్యవేణి మెడ పట్టేసింది. పడిన ప్రతిసారీ ఆమే లేచి వాణ్ణి లేపేది. పైగా వాడి ఎడమచేతికి అట్టముక్కతో చేసిన డాలు కూడా కట్టారు. అది బొమ్మలో లేదు, మాస్టారి సొంత కల్పన.

వార్షికోత్సవం రోజు పొద్దున ఆఖరి రిహార్సల్లో ఇద్దరూ కలిసి ఆ డాలు మీదే పడ్డారు. డాలు మధ్యకు విరిగింది. మాస్టారు కంగారుపడి "అట్టలో ఎలా ఉంది, మీరెలా చేస్తున్నారు" అని నన్ను గట్టిగా ఊపారు. ఇన్నాళ్ల ఊపుడికి వదులైపోయి ఉన్నాను. పుస్తకం కింద పడింది, ఆయన చేతిలో నేను మిగిలాను. డ్రాయింగు మాస్టారు నన్నూ డాలునూ మార్చి మార్చి చూసి, "సైజు సరిపోతుందండీ," అన్నారు.

నా రెండు రెక్కలూ పరిచి, వీపుకు మైదా జిగురు రాసి, విరిగిన డాలు లోపలివైపు అతుకుగా అంటించారు. పైన నాడా బిగించారు. బట్టలు లేకుండా నేల మీద పడి ఉన్న పుస్తకాన్ని సత్యవేణి తీసుకుని, ఖాకీ కాగితం అట్ట వేసి, లేబులు మీద 'పొగకోట, హైమవతి' అని గుండ్రంగా రాసింది. నా చోట్లో ఖాకీ కాగితం. ఆ బాధ వర్ణించలేను.

సాయంత్రం తెర లేచింది. నేను వీరబాబు చేతికున్నాను, నాకు కనిపిస్తున్నది వాడి గడ్డం ఒక్కటే. సత్యవేణి 'రక్షించండి' అంది, 'ప్రాణనాథా' అంది, పడిపోయింది. వాడు పట్టుకున్నాడు. రాక్షసుడి వేషం వేసిన పదో తరగతి కుర్రాడు సాంబ్రాణి పొగలోంచి వచ్చి గర్జించాడు. ఇప్పుడు కత్తి ఎత్తాలి. వీరబాబు ఎత్తలేదు. సత్యవేణిని మెల్లగా స్టేజీ మీద పడుకోబెట్టాడు. డాలు విప్పి, నా ముఖం పైకి ఉండేట్టు ఆమె చేతి పక్కన పెట్టాడు. కత్తి కూడా పెట్టాడు. తల మీది కిరీటం తీసి, తిరగేసి, దాని ముందు గొంతుక్కూర్చుని, ఖాళీ ఒరతో అందులో కలపడం మొదలుపెట్టాడు.

"కత్తి నువ్వు పట్టుకో మందారా," అన్నాడు. "నేను పులుసు చూసుకుంటాను. అడుగంటితే మనిద్దరికీ ప్రమాదం."

అది పుస్తకంలో ఉన్న మాటే, అక్షరం పొల్లుపోలేదు. ముందు వరసలో హైమవతి గారు చేతిలోని పూలగుత్తి కింద పడేసుకున్నారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. సత్యవేణి కళ్లు తెరిచింది కానీ లేవలేదు. ఇన్నేళ్లూ కదలవద్దని చెప్పించుకున్న పిల్ల కదా, కదలవచ్చో లేదో తెలియక మాస్టారి వైపు చూసింది. మాస్టారు తెర పక్కనుంచి "పడుకో, పడుకో" అని సైగ చేస్తున్నారు. అప్పుడు జనంలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"లెగవే. ఆ పిల్లోడు పిలుస్తున్నాడు కదా."

సత్యవేణి లేచింది. నాడాలో చెయ్యి దూర్చి నన్ను గుండెలకు దగ్గరగా పట్టుకుంది. ఆ యుద్ధం ఎలా జరిగిందో నన్నడగకండి, నేను రాక్షసుణ్ణి చూడలేదు. ఎప్పుడూ బయటికే ఉండే నా ముఖం ఆ రోజు లోపలికి తిరిగి ఉంది. నాకు కనిపించింది ఆ పిల్ల ముఖం ఒక్కటే. చెమట, చెదిరిన బొట్టు, బిగించిన పళ్లు, వాటి వెనక ఆపుకోలేని నవ్వు. మందార మాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు, ఒక్కటీ వదల్లేదు. రాక్షసుడు రెండు దెబ్బలకే చచ్చిపోవాల్సింది, ఆమె ఉత్సాహం చూసి పాపం ఏడెనిమిది తిన్నాడు. నా మీది వీరుడు, పొట్ట మీద ఇడ్లీరేకు ఉన్నవాడు, పుట్టాక మొదటిసారి యుద్ధాన్ని అంత దగ్గరగా చూశాడు. నేనైతే ఏడ్చాను. మైదా జిగురు తడి అని అందరూ అనుకున్నారు.

హైమవతి గారు స్టేజీ ఎక్కి శివకోటయ్య గారి ఫోను కథ చెప్పి అందరినీ నవ్వించారు. తర్వాత సంతకం చెయ్యడానికి పుస్తకం అడిగితే సత్యవేణి ఖాకీ కాగితం వేసినదాన్ని ఇచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి ఇదే సరైన అట్ట," అన్నారు. నా ముందే అన్నారు. డాలు లోపల ఉన్నానని ఆవిడకు తెలియదులెండి, అందుకని క్షమించేశాను. సోమేశ్వరం మాస్టారు మర్నాడే బీరువా తీసి, ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లారు. లోపలిది చదవడానికే.

ఇప్పుడు నేను ఆటల గదిలో, గాలి పోయిన వాలీబాళ్ల పైన, మేకుకు వేలాడుతున్నాను. మొన్న ఆరో తరగతి పిల్ల ఒకతి తాడాట తాడు కోసం వచ్చి, నన్ను దించి, నాడాలో చెయ్యి పెట్టుకుని చూసింది. ఆ పిల్లకు ఈ ఏడు భరతమాత వేషం ఇచ్చారట. కబడ్డీ జట్టును తీసుకెళ్లడానికి వచ్చిన సత్యవేణి గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కా, దీనిలో ఈవిడెవరు? అలా పడుకుందేంటి?"

సత్యవేణి దగ్గరికొచ్చి నన్ను చూసింది. కాఫీ మచ్చ మీద వేలు పెట్టి తుడిచింది, అది పోలేదు.

"మందార అని," అంది. "ఇంకా లెగలేదు. లేచాక చూద్దువుగాని."