చిట్టిరాయి స్నానం

హాలు రెండుసార్లు తుడవాలి, ఒకసారి ఫినాయిలుతో, ఆ వాసన పోవడానికి ఇంకోసారి ఉత్త నీళ్లతో. పక్కింటివాళ్లను అడిగి కుర్చీలు తేవాలి. కప్పులు సరిపోతాయో లేదో చూసుకుని, బీటలున్నవి వెనక్కి పెట్టాలి. గాజు తొట్టిని మచ్చ లేకుండా తోమాలి. పెరట్లో తాబేళ్ల దొడ్డి కడగాలి. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయాలి, కాలరు దగ్గర మరీ జాగ్రత్తగా. సాయంత్రానికి గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, జనం రాకముందే తాబేలు చిట్టిరాయిని పెరట్లోనే ఒకసారి గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి, కడుపు ఖాళీ చేయించి, శుభ్రంగా తుడిచి పెట్టాలి.

ఇవన్నీ భర్త సోఫాలో కూర్చుని, వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఆమె విన్నది. చివరిది తప్ప అన్నీ చేసింది.

తాబేళ్లు పెంచేవాళ్ల సంఘంలో ఆయన్ని అందరూ తాబేళ్ల మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. నలుగురు కూడితే చాలు, గాజు తొట్టి ముందు నిలబడి తాబేలుకు స్నానం చేయిస్తూ దాని డిప్ప గురించీ, గోళ్ల గురించీ, తిండీ నిద్రా గురించీ చెప్పుకుపోతాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆ ఆదివారం సంఘంవాళ్లు ఇంటికే వచ్చి ఆయనకు ఉత్తమ పోషకుడని షీల్డు ఇవ్వబోతున్నారు. పోషణ సంగతికొస్తే, పొద్దున ఆఫీసుకు వెళ్లకముందు దొడ్డి ఊడ్చేది ఆమె. ఆకులు కడిగి సన్నగా తరిగేది ఆమె. సాయంత్రం చెప్పులు విప్పకుండానే పెరట్లోకి నడిచేదీ ఆమే. ఆయన కొత్త తాబేలును కొనుక్కొచ్చినప్పుడల్లా కొన్నాళ్లు దాన్ని విడిగా ఉంచుదామని అన్నదీ ఆమే, "డిగ్రీ తెలివితేటలు నీ ఆఫీసులో చూపించుకో" అనిపించుకున్నదీ ఆమే. పుట్టింట్లో మొదట డిగ్రీ చదివింది తనే. ఆ పట్టా ఇంటికి తెచ్చిన రోజు తండ్రి చేతులు కడుక్కుని వచ్చి మరీ దాన్ని పట్టుకున్నాడు. అత్తవారింట్లో అది వేళాకోళానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఆఫీసులో మాత్రం ఏం ఒరిగింది? ఆమె రాత్రీ పగలూ కూర్చుని తయారుచేసిన నివేదికను పై అధికారి తనదని పై వాళ్లకు పంపుతాడు. ఒకసారి అందులో ఒక పేజీ తలకిందులుగా కుట్టి ఉన్నా అలాగే పంపాడు. వేరేవాళ్ల కష్టాన్ని తనదనుకునేవాడు దాన్ని తెరిచి చూడడని ఆమెకు ఆరోజే తెలిసింది. అది ఎప్పటికైనా పనికొస్తుందని మనసులో దాచుకుంది.

అత్తగారి కాలంలో ఆ ఇంట్లో పెద్దరాయి అనే తాబేలు ఉండేది. కదలకుండా పడుకుంటే బండరాయిలా ఉంటుందని అత్తగారే పెట్టిన పేరు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ దానికి తిండి పెట్టింది. ఒక ఎండాకాలం అది ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు కాళ్లు చచ్చుబడి, తల లోపలికి లాక్కోలేక, నేలమీద గడ్డం ఆనించి చచ్చిపోయింది. "మా అమ్మ చాదస్తం. కుళ్లిన ఆకులు పెట్టి చంపేసింది" అన్నాడు కొడుకు. ఆ మాట ఇంట్లో అని ఊరుకోలేదు. సంఘం కూడిన ప్రతిసారీ అన్నాడు, అదొక జోకయిపోయింది. అందరూ నవ్వేవాళ్లు. టీ కప్పులు అందిస్తున్న అత్తగారూ నవ్వేది. ఆ తర్వాత ఆవిడ ప్రతి ఆకునూ వాసన చూసేది. కోడలి ముక్కు దగ్గర పెట్టి, "ఇది బాగానే ఉందా అమ్మాయ్? నా కళ్లు సరిగా ఆనడం లేదు" అనేది. ఆవిడ కళ్లకేం? నిక్షేపంగా ఉండేవి. ఆసుపత్రి మంచం మీద చివరిసారి ఆవిడ అడిగింది కొడుకు గురించి కాదు, నగల గురించీ కాదు. "నేను కడిగే పెట్టాను కదూ?" అని అడిగింది. కడిగే పెట్టారు అత్తయ్యా అని కోడలు ఎన్నిసార్లు చెప్పినా, కోడలు కదా, మంచికి చెబుతోందనుకున్నట్టు చూసింది. ఆ చూపుతోనే పోయింది.

ఇప్పుడు చిట్టిరాయి చిక్కిపోతోంది. చేతుల్లోకి తీసుకుంటే డిప్ప తప్ప లోపల ఏమీ లేనట్టు తేలిగ్గా ఉంది. ఆమె ఆ మాట చెప్పినప్పుడు భర్త అద్దంలో చూసుకుంటూ, "అమ్మ ఒకదాన్ని చంపింది, నువ్వు రెండోదాన్ని చంపేలా ఉన్నావు" అన్నాడు. తర్వాత ఆయనే, "పురుగులయి ఉంటాయిలే. ఈ షీల్డు హడావిడి అయిపోనీ, నేనే ఒక ఇంజెక్షను పొడుస్తా. ఫ్రిజ్‌లో ఉందిగా" అన్నాడు.

ఫ్రిజ్ తలుపు అరలో, మూల, ఒక చిన్న సీసా. ఆ ఇంటి కుక్క ఎప్పుడో పోయింది గానీ దానికి పురుగులు పోవడానికి తెచ్చిన మందు మాత్రం ఆయన పారేయనిచ్చేవాడు కాదు. పెద్దరాయి కాళ్లు చచ్చుబడకముందు, ఆయన పెరట్లో గొంతుక్కూర్చుని దాని తొడలో సూది గుచ్చడం ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. చూసింది గానీ, అప్పుడు దాన్నీ దీన్నీ కలిపి ఎవరాలోచించారు? ఇప్పుడు ఇంజెక్షను అన్న మాట వినగానే, పిండి కలుపుతున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, చిట్టిరాయిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, ఆ సీసా కూడా తీసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ రెట్టను పరీక్ష చేసి, కడుపు నిండా ఏలికపాములున్నాయని చెప్పింది. అడవిలో తిరిగే తాబేలు ఒక చోట తిని ఇంకో చోట రెట్ట వేస్తుందట. దొడ్లో పెంచేది తిన్నచోటే వేసి, వేసినచోటే మళ్లీ తింటుంది, కొత్తవాటిని చూడకుండా కలిపేస్తే అవి తెచ్చిన పురుగులు అన్నిటికీ అంటుకుంటాయి. ఆ తర్వాత ఆమె సీసా తీసి బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ చదివి, కళ్లజోడు తీసేసింది.

"ఇది వేశారా దీనికి?"

"దీనికి ఇంకా వేయలేదండీ."

"వేయకండి. కుక్కకు మందే, తాబేలుకు విషం. కాళ్లూ మెడా చచ్చుబడి పోతుంది."

ఆమెకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు అత్తగారి ముక్కు దగ్గర ఆకు కనిపించింది. ఆ తర్వాత బుర్ర ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. చిట్టిరాయికి సరైన మందు అక్కడే నోట్లో పోయించింది. పురుగులు రోజుల తరబడి పడతాయనీ, గోరువెచ్చని నీళ్లలో పెడితే ఇంకా బాగా పడతాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఆదివారం షీల్డు ఇవ్వబోయేది ఈ డాక్టరమ్మే. ఆ ఇంటి సంగతి విన్నాక, అందరిముందూ తనే చెప్పేస్తానంది.

"మీరేం చెప్పకండి" అంది ఆమె. "అడగండి, అంతే."

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. సంఘం కోశాధికారి భార్య జాలిపడి, ఉద్యోగం చేసుకుంటూ వీటన్నిటి పనీ ఎలా చేస్తున్నావమ్మా అని అడిగింది. ఆమె టీ పళ్లెం పట్టుకుని హాలంతటికీ వినపడేలా, "నాదేముందండీ? అన్నీ ఆయనే చూసుకుంటారు" అంది. పెళ్లయ్యాక భార్య నోటి నుంచి అలాంటి మాట విని ఎరగడు. ఆయన ఉబ్బిపోయాడు. "తనకు వాటిని ముట్టుకోవాలంటేనే భయం" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే కాస్త ఎక్కువసేపు ఆమే నవ్వింది.

గాజు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు. ఆయన చిట్టిరాయిని అందులో దించి, చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాడు. ఆరోగ్యమైన తాబేలు కళ్లు ఎలా ఉండాలో చెబుతున్నాడు. చిట్టిరాయి మెడ చాచింది, వెనక కాళ్లు తన్నిపెట్టింది. నీళ్లు మసకబారాయి. తర్వాత తెల్లటి దారప్పోగు ఒకటి కిందికి జారింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఒక ఉండ, విప్పుకుంటూ, కొన్ని ఇంకా మెలికలు తిరుగుతూ. గాజులోంచి అవి ఉన్నవాటికంటే లావుగా కనిపించాయి. కోశాధికారి కప్పు కింద పెట్టేశాడు. ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఆయన అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఆమెకు వాటిని ముట్టుకోవాలంటేనే భయమని ఇందాక అన్నది తనే కదా. అంతలో ముఖం వెలిగింది. ఆమె ఎదురుచూస్తున్నది ఆ వెలుగు కోసమే.

"ఏం కంగారుపడకండి. ఇది మంచిదే. పురుగుల మందు వేశాను, బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"మంచి పని చేశారు" అంది డాక్టరమ్మ. "ఏ మందు?"

"ఎప్పుడూ వేసేదేనండీ."

"అదే, ఏది?"

భర్త కళ్లజోడు మరిచిపోతే తెచ్చిచ్చే భార్యలాగా ఆమె లోపలికి వెళ్లి సీసా తెచ్చి, షీల్డు పక్కన పెట్టింది. "ఇదేనా అండీ?"

"ఆ, అదే అదే" అన్నాడు, గండం గడిచినట్టు.

డాక్టరమ్మ దాన్ని దీపం వెలుగులోకి ఎత్తి చూసింది. కుక్కలది కదా అని అడిగింది. దేనికైనా పురుగు పురుగేనని ఆయన నవ్వాడు. పెద్దరాయికి కూడా తన చేత్తోనే వేశానన్నాడు. ఆ మాట ఎవరూ అడగలేదు. పొగడ్త ఇంకాస్త దొరుకుతుందేమోనని ఆయనంతట ఆయనే అన్నాడు.

"వేశాక దాని కాళ్లు చచ్చుబడ్డాయా? మెడ వాలిపోయిందా?"

ఆయన సీసా కోసం చెయ్యి చాపాడు.

"రెండూనండీ" అంది ఆమె.

ఈ మందు తాబేలుకు విషమనీ, ఎవరింట్లోనైనా ఉంటే ఇవాళే పారేయమనీ డాక్టరమ్మ హాలుకంతటికీ చెప్పింది. ఏళ్ల తరబడి ఆ జోకుకు నవ్వినవాళ్లందరూ తలలు దించుకుని కప్పుల్లోకి చూస్తున్నారు. ఆమె గొంతు పెంచలేదు.

"అయితే చంపింది మా అత్తగారు కాదన్నమాట."

డాక్టరమ్మ చిట్టిరాయిని తువ్వాల్లో చుట్టి, తగ్గేదాకా తన దగ్గరే ఉంచుకుంటానని తీసుకెళ్లింది. షీల్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. చివరి మనిషి గేటు దాటాక ఆయన పళ్ల బిగువున, "ఆ తొట్టి తియ్యి" అన్నాడు.

"నాకు వాటిని ముట్టుకోవాలంటేనే భయం కదండీ" అని ఆమె ఆయన సోఫాలో కూర్చుని కాళ్లు చాపుకుంది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. వాసన మొదలయింది. చివరికి ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, తొట్టిలో చేతులు పెట్టాడు.

తొట్టి ఖాళీ అయ్యేదాకా ఆమె చూసింది. ఆమెకు కావలసింది దొరికింది. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఎప్పుడైనా, ఎవరి పెరట్లోనైనా ఆకు నములుతున్న తాబేలు కనిపిస్తే, బాగున్న కళ్లను కూడా నమ్ముకోలేక ప్రతి ఆకునూ వాసన చూసిన ఆ పెద్దావిడను తలుచుకోండి. ఆవిడ కడిగే పెట్టిందని గుర్తుంచుకోండి.