ఓటీలియా కళ్లు పైనున్నాయి

భూమికి దక్షిణపు కొసనున్న పుంటా అరేనాస్‌లో మధ్యాహ్నం భోజనాల వేళకి, ఓజోన్ పొరని కొలిచే ఉపగ్రహం ఊరి మీదుగా వెళ్లేది. ఆ వేళకి ఓటీలియా గొర్రెమాంసం పులుసు కింద సెగ తగ్గించి కుర్చీలో కూలబడేది. ఉపగ్రహం చూసేది ఆవిడ కళ్లతోనే మరి. దాన్ని పైకి పంపిన నాటి నుంచీ అంతే.

పక్కింటి యోలాండా కిటికీలోంచి అడిగేది: "అక్కా, పిల్లల్ని బంతాటకి పంపనా?"

"వద్దే తల్లీ. ఇవాళ ఓజోన్ పొర సరిగ్గా మన నెత్తి మీదే చిరిగింది. తోలూడిపోద్ది."

ఓటీలియా భర్త మిర్కో ఊరి చివర కేంద్రంలో ఉపగ్రహం పంపే కొలతలు అందుకునేవాడు. ఇంట్లో విన్నదే ఆఫీసులో మళ్లీ రాసి జీతం తెచ్చుకుంటాడని ఓటీలియా ఎగతాళి చేసేది.

ఉపగ్రహం ముసలిదైంది. కొలతల్ని సూర్యుడి వెలుగుతో సరిచూసుకునే దాని పలక ఏటేటా నల్లబడుతుంటే ఓటీలియా చూపూ మసకబారుతూ వచ్చింది. ఈ వసంతంలో సముద్రాల అవతలి నుంచి ఉత్తర్వు దిగింది. శుక్రవారం కొలతలు అందగానే దాన్ని ఆపేయాలి. ఆగితే ఓటీలియాకి బొత్తిగా కనబడదని ఊరందరికీ తెలుసు. మీట నొక్కాల్సింది మిర్కో.

"నేను నొక్కను," అన్నాడు ఓటీలియాతో.

"నువ్వు కాకపోతే ఇంకోడు నొక్కుతాడు. పరాయివాడి చేత్తో దేనికి?"

మిర్కోకి ఏడుపొచ్చింది. కాళ్లు పట్టుకుందామన్నా ఎవరి కాళ్లు పట్టుకోవాలి? ఉత్తర్వులిచ్చేవాళ్ల మొహం అతనెన్నడూ చూసి ఎరగడు.

శుక్రవారం ఉపగ్రహం వచ్చే వేళకి గదిలో ఉండలేక కేంద్రం ఆవరణలోకొచ్చి ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఎండ తప్ప ఏమీ కనబడలేదు. అయినా చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

లోపలికెళ్లేసరికి కొలతలు వచ్చి ఉన్నాయి. రోజూ ధ్రువం దాకా పట్టీలు పట్టీలుగా నిండే పటం ఇవాళ ఖాళీ. మొత్తం మీద ఒకటే చుక్క, అదీ కేంద్రం ఆవరణ మీద.

"పరికరం చెడిందయ్యా. తప్పు లెక్క కింద తీసెయ్," అన్నాడు అధికారి బసువాల్దో. నమ్మశక్యం కాని కొలతల్ని తీసెయ్యడం వాళ్ల పద్ధతి. మిర్కో తీసేశాడు. తర్వాత మీట నొక్కాడు.

ఇంటికొచ్చేసరికి ఓటీలియా గోడ వైపు మొహం పెట్టి కూచునుంది. అడుగుల చప్పుడుకి లేచి, తడుముకుంటూ వచ్చి అతని బట్టతల మీద చెయ్యి వేసింది.

"టోపీ లేకుండా బయటికెందుకొచ్చావు ముసలాడా? ఎలా కమిలిపోయిందో చూడు."